లండన్ సొరంగాల్లో అంత ఉక్క ఎందుకు?

లండన్‌లో ఎండాకాలం భూగర్భ రైళ్లలో సెంట్రల్ లైను గానీ బేకర్లూ లైను గానీ ఎక్కినవారికి ఈ సందేహం వచ్చి తీరుతుంది. చలిదేశంలో, నేల కింద ఇంత ఉక్క ఏమిటి?

లోతుకు పోయేకొద్దీ భూమి వేడెక్కుతుంది కదా అనిపిస్తుంది. కానీ కారణం అది కాదు. ఈ సొరంగాలు చాలావరకు ఇరవై ముప్పై మీటర్ల లోతులోనే ఉన్నాయి. 1900 ప్రాంతంలో అక్కడి మట్టి ఉష్ణోగ్రత 14 డిగ్రీలే. ఎండ తప్పించుకోవాలంటే మా రైలెక్కండి అని బేకర్లూ లైను తొలినాళ్లలో ప్రచారం కూడా చేసుకుంది.

వేడి తెచ్చింది రైళ్లే. అన్ని టన్నుల బండి వేగం అందుకోవడం, ఒకటి రెండు నిమిషాల్లోనే మళ్లీ ఆగడం. ఆగిన ప్రతిసారీ ఆ వేగమంతా బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. మోటార్ల వేడి, జనం ఒంటివేడి దానికి తోడు.

మరి అది బయటికెందుకు పోదు? తవ్విన తీరు వల్ల. 1863 జనవరి 10న పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ వరకు మొదలైన తొలి లైనులో నడిచినవి ఆవిరి ఇంజన్లు. రోడ్డును కందకంలా తవ్వి, గోడలు కట్టి, పైన కప్పేశారు. పొగ పోవాలి కాబట్టి అక్కడక్కడా తెరిచి వదిలారు. ఆ సొరంగాలు విశాలం, గాలి ఆడుతుంది.

నగరం నడిబొడ్డున వీధులన్నీ అలా తవ్వడం సాధ్యం కాలేదు. అప్పుడు ఇంజనీరు జేమ్స్ గ్రేట్‌హెడ్ పద్ధతి అక్కరకొచ్చింది. పెద్ద ఇనుప గొట్టంలాంటి కవచం లోపల నిలబడి కూలీలు ముందున్న మట్టిని తవ్వుతారు. జాకీలతో కవచాన్ని ముందుకు నెడతారు. వెనక పోత ఇనుప వలయాలు బిగిస్తారు. లండన్ బంకమట్టి ఇందుకు దొరికిన వరం. నీరు ఊరదు, తేలిగ్గా తెగుతుంది, వలయం బిగించేదాకా కూలకుండా నిలుస్తుంది. 1890లో ఇలాగే తొలి లోతు లైను, అదీ కరెంటు రైళ్లతో, మొదలైంది. పొగ లేదు కాబట్టి గాలిదారుల గురించి పెద్దగా ఆలోచించలేదు. ఖర్చు తగ్గించాలని సొరంగాలు బండి పట్టేంత మాత్రమే తవ్వారు. ఆనాటి లెక్కకు అది తప్పని నేననను.

కానీ ఆ బంకమట్టి వేడిని తొందరగా వదలదు. దశాబ్దాల పాటు పీల్చుకుని పీల్చుకుని ఇప్పుడు 19 నుంచి 26 డిగ్రీలకు చేరింది. ఒకప్పుడు సొరంగాన్ని చల్లబరిచిన మట్టే ఇప్పుడు కుంపటి పక్క ఇటుకలా వెచ్చగా ఉంది.

ఏసీ పెడితే పోదా? ఏసీ అనేది రైలు పెట్టెలోని వేడిని బయటికి, అంటే మళ్లీ సొరంగంలోకే తోస్తుంది. పైగా ఆ ఇరుకులో యంత్రానికి చోటేదీ? 2003లో నగర మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఉపాయం చెప్పినవారికి లక్ష పౌండ్లు ఇస్తామన్నారు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. ఉన్న మార్గాలు చిన్నవి: బ్రేకు వేసినప్పుడు పుట్టే శక్తిని కరెంటుగా మార్చి పట్టాలకు తిరిగివ్వడం, పెద్ద ఫ్యాన్లు పెట్టడం. నాకు అన్నిటికన్నా నచ్చింది లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో చేసిన పని. 1922లో మూతపడ్డ సిటీ రోడ్ స్టేషన్ బావిలోంచి వేడిగాలిని లాగి, 2020 నుంచి ఇళ్లకు వేడినీళ్లు అందిస్తున్నారు.

జూలైలో లండన్ వెళ్తే, వీలైనచోట మెట్రోపాలిటన్, సర్కిల్, ఎలిజబెత్ లైన్లు ఎక్కండి. వాటి సొరంగాలు వెడల్పు, రైళ్లలో ఏసీ ఉంది. సెంట్రల్ లైను తప్పదనుకుంటే నీళ్ల సీసా మరవకండి.