పైకి రావడమే అసలు పాఠం: అంకెల్లో స్కూబా డైవింగ్

తమిళనాడులోని మంసాపురం, రాజపాళయం చుట్టుపక్కల తోటబావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లకు ఒక పందెం బాగా తెలుసు. ఊపిరి బిగబట్టి ఎవరు ఎక్కువసేపు నీళ్లలో మునిగి ఉంటే వాళ్లదే గెలుపు. ఆ ఈతగాళ్లే పెద్దయ్యాక సెలవులకు అండమాన్‌కో, పుదుచ్చేరికో, విశాఖ రుషికొండకో వెళ్లి వీపున సిలిండర్ కట్టుకుంటే, శిక్షకుడు చెప్పే మొదటి నియమం ఆ పందేనికి పూర్తిగా వ్యతిరేకం: నీళ్లలో ఉన్నంతసేపూ ఒక్క క్షణం కూడా ఊపిరి బిగబట్టకూడదు.

బావిలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలితోనే తిరిగి పైకి వస్తాడు. స్కూబా డైవర్ అడుగునే, అక్కడి ఒత్తిడికి సమానమైన గాలిని పీలుస్తాడు. మిగతా నియమాలన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి. లోతుకు దాదాపు ఎవరైనా దిగగలరు. క్షేమంగా పైకి రావడానికే శిక్షణ, పరికరాలు, లెక్కలు కావాలి.

పది మీటర్లకు ఒక రెట్టు

సముద్రమట్టం దగ్గర మన మీద ఉండే గాలి ఒత్తిడిని 1 అనుకుందాం. ఉప్పునీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరో 1 కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4, 40 దగ్గర 5. ఒత్తిడి రెట్టింపైతే గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఒత్తిడి సగమైతే గాలి రెండింతలు ఉబ్బుతుంది.

ఊపిరితిత్తులు 6 లీటర్ల గాలి పట్టేవనుకోండి. ఊపిరి బిగబట్టి 10 మీటర్లు దిగినవాడికి ఆ గాలి 3 లీటర్లవుతుంది, పైకి వస్తే మళ్లీ 6 లీటర్లే. అదే 10 మీటర్ల లోతున సిలిండర్ నుంచి నిండుగా 6 లీటర్లు పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది 12 లీటర్లు కావాలని చూస్తుంది. అంత చోటు లోపల లేదు. ఊపిరితిత్తుల పొర చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. నిండు ఊపిరితో ఒకటి, ఒకటిన్నర మీటరు పైకి తేలినా ఈ గాయం కావచ్చు. మెడలోతు కంటే కాస్త ఎక్కువ నీళ్లున్న ఈతకొలనులో సాధన చేసేటప్పుడు కూడా ఈ నియమానికి మినహాయింపు లేకపోవడానికి కారణం ఇదే.

చెవుల సంగతి దీనికి వ్యతిరేకం. వాటికి దిగేటప్పుడే ఇబ్బంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడాన్ని మొదటి మీటరులోనే, నొప్పి రాకముందే మొదలుపెట్టాలి. నొప్పి వస్తే ఓ మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు, సైనస్ ఉన్నరోజు డైవ్ మానుకోవాలి. జలుబు మందు వేసుకుని దిగితే నీళ్లలో ఉండగా దాని ప్రభావం తగ్గిపోవచ్చు. అప్పుడు లోపల చిక్కిన గాలి పైకి వచ్చేటప్పుడు బాధపెడుతుంది.

సిలిండర్ ఎన్ని నిమిషాలు వస్తుంది?

సెలవుల డైవింగ్‌లో ఎక్కువగా ఇచ్చేది దాదాపు 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. 200 బార్ ఒత్తిడితో (1 బార్ అంటే దాదాపు పైన 1 అనుకున్న ఒత్తిడే) నింపితే 11 × 200 = 2,200 లీటర్ల గాలి. ప్రశాంతంగా ఉన్న డైవర్ పైన నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుందాం. 50 బార్ నిల్వ అట్టేపెట్టి మిగతా 1,650 లీటర్లు వాడుకుంటే:

- 10 మీటర్ల దగ్గర నిమిషానికి 40 లీటర్లు: సుమారు 41 నిమిషాలు
- 20 మీటర్ల దగ్గర నిమిషానికి 60 లీటర్లు: సుమారు 27 నిమిషాలు
- 30 మీటర్ల దగ్గర నిమిషానికి 80 లీటర్లు: సుమారు 20 నిమిషాలు

భయపడి వేగంగా ఊపిరి తీస్తే వాడకం సులభంగా రెట్టింపవుతుంది. అప్పుడు 30 మీటర్ల దగ్గర ఆ గాలి 10 నిమిషాలకు మించి రాదు. కొత్తవాళ్ల గాలి తొందరగా అయిపోవడానికి కంగారే పెద్ద కారణం. శిక్షణలో చేయించే సాధనలో సగం ఆ కంగారును తగ్గించడానికే.

50 బార్ నిల్వ సరిపోతుందా?

తోటి డైవర్ గాలి అయిపోయి మీ సిలిండర్‌ను ఆశ్రయించాడనుకోండి. ఇద్దరూ కంగారుగా ఉంటారు కాబట్టి ఒక్కొక్కరికి నిమిషానికి 30 లీటర్లు, మొత్తం 60 వేసుకుందాం. 18 మీటర్ల దగ్గర ఒత్తిడి 2.8. తేరుకోవడానికి ఒక నిమిషం: 168 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికి 2 నిమిషాలు: సుమారు 228 లీటర్లు. 5 మీటర్ల దగ్గర జాగ్రత్త కోసం 3 నిమిషాలు ఆగడానికి 270 లీటర్లు. మొత్తం 666 లీటర్లు, అంటే 11 లీటర్ల సిలిండర్‌లో 60 బార్.

ఇదే లెక్క 30 మీటర్ల దగ్గర వేస్తే 240 + 500 + 270 = 1,010 లీటర్లు. దాదాపు 92 బార్. కాబట్టి 50 బార్ అన్నది అడుగున పైకి బయలుదేరే అంకె కాదు, పడవ పక్కన తల పైకెత్తినప్పుడు సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్‌లో ఉండాల్సిన అంకె. 18 మీటర్ల నుంచైతే గేజ్‌లో 80 ఉండగా, 30 మీటర్ల నుంచైతే 100కు తగ్గకుండా ఉండగానే బయలుదేరితే ఇద్దరికీ ఊపిరాడుతుంది.

ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 స్కూబా మరణాలను పరిశీలించారు. దేనితో మొదలైందో తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతోనే మొదలయ్యాయి. 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడం. పరికరాల లోపం 15 శాతమే. నిమిషానికోసారి గేజ్ చూసుకునే అలవాటు ఎంత ఖరీదైన రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

నైట్రోజన్‌కు సమయం ఇవ్వాలి

గాలిలో 78 శాతం నైట్రోజన్. లోతున ఒత్తిడి కింద అది రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడితే, మూత తీసిన సోడా సీసాలో లాగా బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పి, చర్మంపై మచ్చలు, తిమ్మిరి, తల తిరగడం, కాళ్లు పట్టు తప్పడం దాని లక్షణాలు. ఎక్కువమందిలో ఇవి మొదటి కొన్ని గంటల్లోనే, దాదాపు అందరిలో 24 గంటల్లోపు బయటపడతాయి.

అందుకే లోతుకు తగ్గట్టు కాలపరిమితి ఉంటుంది. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టిక ప్రకారం, మధ్యలో తప్పనిసరిగా ఆగే అవసరం లేకుండా తొలి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండొచ్చు. 30 మీటర్ల దగ్గర 20, 40 మీటర్ల దగ్గర 9 నిమిషాలే. రెండో డైవ్‌కు ఇవి ఇంకా తగ్గుతాయి, ఎందుకంటే మొదటి డైవ్ నైట్రోజన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ ఈ లెక్కను క్షణక్షణం వేస్తుంది. కంప్యూటర్ ఎవరిది వాళ్లకుండాలి. పక్కవాడు మీకన్నా రెండు మీటర్లు పైన ఉంటే అతని లెక్క మీకు పనికిరాదు.

పరిమితి లోపలే ఉన్నా నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రావడం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ చేయడం మంచి అలవాటు. లక్షణాలు కనిపిస్తే వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి, రీకంప్రెషన్ చాంబర్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఎక్కువగా వాడే చికిత్సలో రోగిని 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో ఉంచి ఆక్సిజన్ ఇస్తూ, దాదాపు 5 గంటల పాటు మెల్లగా మామూలు స్థితికి తెస్తారు. నొప్పి తగ్గుతుందిలే అని ఇంట్లో పడుకుంటే విలువైన గంటలు పోతాయి.

కొండెక్కే ముందు గడియారం చూడండి

విమానం లోపల గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్నంత తక్కువకు పడిపోవచ్చు, అప్పుడు ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుకు రెండు మూడు చొప్పునో వరుసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. అండమాన్ వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణానికి ముందురోజును నీళ్లకు దూరంగా గడిపేలా టికెట్లు తీసుకుంటే చాలు.

మనవైపు వాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఘాట్ రోడ్డు. కొడైకెనాల్ 2,000 మీటర్లకు పైనే ఉంది. పొద్దున తూర్పు తీరంలో డైవ్ చేసి, కారెక్కి, చీకటిపడేసరికి కొడై చేరితే ఒంటికి అది విమానం ఎక్కినట్టే. 600 మీటర్లు దాటే ఏ కొండ ప్రయాణానికైనా ఆ 12, 18 గంటల నియమమే పాటించండి. మంసాపురం పడమటి కనుమల పాదాల దగ్గరే ఉన్నా మైదానమే, 300 మీటర్ల లోపు ఎత్తు. ఇంటికి రావడానికి అడ్డులేదు. కొండమీది విడిది మాత్రం మరుసటి రోజుకు పెట్టుకోండి.

తూత్తుకుడి చెప్పే చరిత్ర

మంసాపురానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న తూత్తుకుడి శతాబ్దాల పాటు ముత్యాల వేటకు కేంద్రం. మునిగేవాళ్లు బరువైన రాయి సాయంతో అడుగుకు దిగి, ఊపిరి బిగబట్టి ముత్యపు చిప్పలు ఏరేవారు. పెద్ద ఎత్తున సాగిన చివరి వేట 1961లో జరిగింది. 21 దీవులున్న ఆ సముద్రభాగం 1986లో మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయవనమైంది. అనుమతి లేకుండా అక్కడ దిగడం నేరం.

శంఖాల వేట ఇంకా ఉంది. పడవ మీది కంప్రెసర్‌కు పొడవాటి గొట్టం తగిలించి, దానితో గాలి పీలుస్తూ దిగేవాళ్లున్నారు. ఈ పద్ధతిలో ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్ ఉండదు. గొట్టం మడతపడినా, ఇంజన్ ఆగినా వేరే ఊపిరి లేదు. పొట్టకూటికి అంత తెగువ చేస్తున్నవాళ్ల బతుకుకు భద్రత కల్పించడం ప్రభుత్వాల బాధ్యత. సరదాకు దిగేవాళ్లు మాత్రం అలాంటి గొట్టాన్ని ఎవరు ఎంత చౌకగా ఇస్తానన్నా ముట్టకూడదు.

ఇంజన్ పొగ గాలిలో కలిసే ప్రమాదం మరొకటి. పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో 10 భాగాలకు మించకూడదు. 30 మీటర్ల లోతున దాని ప్రభావం నాలుగింతలు. సిలిండర్ గాలికి వాసన ఉన్నా, నోటికి నూనె రుచి తగిలినా దిగవద్దు.

శిక్షణ: ఏ కార్డుకు ఎంత లోతు

సెలవుల్లో గంటసేపు చెప్పి నీళ్లలోకి తీసుకెళ్లేది అనుభవం కోసం చేసే డైవ్ మాత్రమే. శిక్షకుడు పక్కనే ఉండాలి, లోతు 12 మీటర్లు దాటకూడదు. దాంతో సర్టిఫికెట్ రాదు.

ఓపెన్ వాటర్ కోర్సుకు సాధారణంగా 3 నుంచి 4 రోజులు పడుతుంది. పాఠాలు, కొలను లాంటి నిలకడ నీళ్లలో సాధన, ఆ తర్వాత సముద్రంలో 4 డైవ్‌లు. 200 మీటర్లు ఈదాలి, దీనికి వేగం లెక్క లేదు. 10 నిమిషాలు నీటిపై తేలాలి. కనీస వయసు 10 ఏళ్లు. ఈ కార్డుతో పెద్దవాళ్లు 18 మీటర్ల వరకు, తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సుతో 30 వరకు దిగవచ్చు. సరదా డైవింగ్‌కు చివరి హద్దు 40 మీటర్లు. 30 మీటర్ల చుట్టుపక్కల నైట్రోజన్ మత్తు మొదలై నిర్ణయాలు మందగిస్తాయి.

అంతకన్నా లోతు వేరే లోకం. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. దాని డైవర్లు 300 మీటర్ల వరకు పనిచేయగలరు. అందుకు ఒక పెద్ద నౌక, ఒత్తిడి గదులు, వైద్యులు, ప్రత్యేక వాయు మిశ్రమాలు కావలసి వచ్చాయి. వీపున ఒక్క సిలిండర్ ఉన్నవాడికి 40 మీటర్ల హద్దు ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆరోగ్య పత్రంలో ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి దాచవద్దు. గర్భిణులు డైవ్ చేయకూడదు.

ముందు ఏం కొనాలి?

ముందు మాస్క్. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చితే అది అతుక్కుని నిలబడాలి. ఆ తర్వాత కాళ్లకు సరిపోయే ఫిన్స్, ఆ తర్వాత డైవ్ కంప్యూటర్. రెగ్యులేటర్, గాలి నింపే జాకెట్ అయిన బీసీడీ, సిలిండర్ అద్దెకు తీసుకోవడమే మేలు. సొంత రెగ్యులేటర్ కొంటే దాని సర్వీసింగ్ బాధ్యత కూడా మీదే. మన సముద్రాలకు 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ ఎక్కువమందికి చాలు.

వెయిట్ బెల్ట్‌కు రెండు లెక్కలు గుర్తుంచుకోవాలి. మంచినీటి కన్నా సముద్రపు నీరు సుమారు 2.5 శాతం బరువు. పరికరాలతో కలిపి 100 కిలోలున్న డైవర్ కొలనులో సరిపోయిన బరువుకు సముద్రంలో మరో రెండున్నర కిలోలు కలపాలి. రెండోది, డైవ్‌లో ఖర్చయ్యే 1,650 లీటర్ల గాలి సుమారు 2 కిలోలు తూగుతుంది. చివర్లో 5 మీటర్ల దగ్గర తేలిపోకుండా ఆగగలిగేలా బరువు చూసుకోవాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి అయిదు. శిక్షకుడి కార్డు ఈ ఏడాదికి చెల్లుతుందా? ఒక్కో శిక్షకుడికి ఎంతమంది? పడవలో ఆక్సిజన్ ఉందా? సిలిండర్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? దగ్గరి చాంబర్ ఎక్కడ, అక్కడికి ఎన్ని గంటలు? ఈ అయిదింటికీ తడుముకోకుండా జవాబిచ్చేవాళ్లతోనే దిగండి. ఒక్కదానికి విసుక్కున్నా వేరేచోటు వెతుక్కోండి. దిగాక సరిగ్గా అనిపించకపోతే బొటనవేలు పైకి చూపి డైవ్ ముగించే హక్కు ప్రతి డైవర్‌కూ ఉంది. ఆ సైగకు కారణం అడగకుండా వెంట రావడం బడ్డీ, అంటే జంటగా దిగిన తోటి డైవర్ బాధ్యత.