నీటిరంగులలో మనిషి ముఖం

తైలవర్ణ చిత్రంలో వెలుగును తెల్లరంగుతో పైనుంచి అద్దుతారు. నీటిరంగులలో ఆ వెలుగు అడుగునుంచి వస్తుంది. పలుచని రంగుపొరను దాటి లోనికి పోయిన కాంతి తెల్లని కాగితాన్ని తాకి, తిరిగి అదే పొర గుండా వెలికివచ్చి కంటిని చేరుతుంది. కనుక ఒకసారి కప్పివేసిన తెలుపును మళ్ళీ సంపాదించడం దుస్సాధ్యం. లేత ఛాయలతో ఆరంభించి, ఒక పొర పూర్తిగా ఆరిన పిదప మరొకటి వేస్తూ, క్రమంగా నీడలలోకి దిగవలసి ఉంటుంది.

నీటిరంగు అంటే మెత్తని వర్ణద్రవ్యపు పొడి, దానిని పట్టి ఉంచే జిగురు. ఆ జిగురు మన తుమ్మబంకకు దగ్గరి చుట్టమే. సూడాను ప్రాంతపు తుమ్మజాతి చెట్లనుంచి అధికంగా లభిస్తుంది. కాగితం చదరపు మీటరుకు 300 గ్రాముల బరువైనదీ, నూలుతో చేసినదీ అయితే మేలు. పలుచని కాగితం తడికి ముడతలు పడి, రంగంతా పల్లాలలో చేరుతుంది. పొదుపు కుంచెల దగ్గర చేయవచ్చు గాని కాగితం దగ్గర చేయరాదు.

కొత్తగా నేర్చేవారిని మిక్కిలి బాధించేది, నునుపుగా ఉండవలసిన చెంపమీద ఆరిన రంగు అంచున నల్లగా మిగిలే గీత. దీని కారణాన్ని 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో వివరించారు. వారు పరిశీలించింది చిత్రకళను కాదు, బల్లపై ఒలికిన కాఫీ చుక్కను! చుక్క అంచు ఉన్నచోటనే అతుక్కుని ఉంటుంది. అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటును పూరించడానికి నడిమినుంచి నీరు అంచుకు పారుతూ రేణువులను మోసుకుపోతుంది. నీటిరంగులోనూ జరిగేది ఇదే. రంగు ఆరకముందే శుభ్రమైన తడి కుంచెతో అంచును పలుచబరిస్తే గీత ఏర్పడదు. కనురెప్ప, ముక్కుపుట వంటి చోట్ల మాత్రం ఆ పదునైన అంచే కావాలి. సగం ఆరిన రంగుపై మరల నీరు పెడితే మరకలు పువ్వుల్లా విచ్చుకుంటాయి. అప్పుడు చేయి కట్టుకుని కూర్చోవడమే ఉత్తమం.

ఇక చర్మవర్ణం. అమెరికాలో క్రేయోలా సంస్థ లేత గులాబి రంగు క్రేయానుకు 'ఫ్లెష్' అన్న పేరు పెట్టి, 1962లో దానిని 'పీచ్' అని మార్చింది. పేరు మారినా ఆ తలపు పాత పాఠ్యగ్రంథాలను విడిచిపోలేదు. వాటిలోని 'చర్మపు రంగు' పాళ్ళను నమ్మి అమ్మమ్మ ముఖాన్ని దిద్దిన పిల్లవానికి, తుదకు కాగితంపై ఎవరో పరాయి ముసలమ్మ కనిపిస్తుంది. చామనఛాయకు యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఒక గులాబి, అల్ట్రామెరీన్ నీలం చాలు. బర్న్ట్ సియెన్నా నిజానికి ముదురు నారింజ. దానిని నీలంతో కలిపితే రెండూ ఒకదాని ధాటిని మరొకటి తగ్గించి, జీవమున్న నీడ పుడుతుంది. నల్లరంగు కలిపిన నీడ మసిబారినట్లుంటుంది.

నుదుటికంటె చెంపలు, ముక్కుకొన, చెవులలో రక్తపు ఎరుపు సాధారణంగా హెచ్చు. నల్లని మేనిలోనూ అది దాగదు. నుదుటిపై మెరుపు మాత్రం చర్మపు రంగు కాదు, చర్మంపై నేరుగా పరావర్తనం చెందిన కాంతి రంగు. కిటికీ వెలుగైతే అది నీలిఛాయలో ఉంటుంది. ఫ్లాష్‌తో ఎదురుగా తీసిన ఫొటో నీడలను చెరిపివేస్తుంది గనుక, పక్కనుంచి వెలుగు పడే కిటికీ దగ్గర మనిషిని కూర్చోబెట్టుకోవడం మంచిది. కొలతల విషయంలో ఒక్క మాట: కన్నులు తల ఎత్తుకు సరిగా నడుమ ఉంటాయి, అభ్యాసకులు దాదాపు అందరూ వాటిని పైకి జరుపుతారు.

స్వదేశం వెళ్ళినప్పుడు రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రశాలలో ఆయన నీటిరంగులను తీరిగ్గా చూడడం ఏ పుస్తకానికీ తీసిపోని పాఠం.

చిత్రం పూర్తయినా ప్రమాదం మిగిలే ఉంటుంది. రసెల్, ఆబ్నీ అనే శాస్త్రవేత్తలు నీటిరంగులపై కాంతి ప్రభావాన్ని పరీక్షించి 1888లో నివేదిక ఇచ్చారు. కొన్ని రంగులు వెలుగులో వెలిసిపోతాయని అందులో తేలింది. నేటికీ అమ్ముడయ్యే అలిజరిన్ క్రిమ్సన్ ఎరుపు పలుచగా వేస్తే నిలవదు. చెంపల ఎరుపు అదే అయితే, ఏళ్ళు గడిచేకొద్దీ గోడమీది ముఖం పాలిపోతుంది. దానికి బదులు క్వినాక్రిడోన్ జాతి గులాబిని ఎన్నుకోవచ్చు. సందేహమున్న ప్రతి రంగునూ ఒక కాగితపు పట్టీపై వేసి, సగం అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీలో కొన్ని నెలలు ఉంచితే తేడా కంటికే తెలుస్తుంది.