సైకిలు మీద పోతుంటే కంట్లో పురుగు పడితే...

హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఉండి వెళ్ళిన మిత్రులకు సైకిలు గురించి కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. శనివారం బడి వదలగానే ఊరికి పోవాలన్నా, ఆదివారం సాయంత్రం ట్రంకుపెట్టె కారియర్‌కు కట్టుకుని తిరిగి రావాలన్నా మనలో చాలామందికి అదే ఆధారం. చైను ఊడితే ఎక్కించడం, పంక్చరు అయితే నడిపించుకుంటూ షాపు దాకా పోవడం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. ఎదురుగా వచ్చి ముఖాన కొట్టే పురుగు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. "ఆ, పురుగే కదా" అంటారు. కంట్లో పువ్వు వేసి చూపు తగ్గిన పెద్దవాళ్ళను మీ ఊళ్ళల్లో చూసే ఉంటారు. అలాంటి పువ్వుల్లో కొన్నింటికి మొదలు చిన్న నలకే. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక లెక్క చూద్దాం. మామూలుగా తొక్కితే సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే సెకనుకు నాలుగు మీటర్ల పైమాటే. చిన్న నుసుము అంత వేగంగా ఎగరలేదు. కాబట్టి పురుగు వచ్చి మన కంట్లో పడటం కాదు, మనమే పోయి దాన్ని కంటితో గుద్దుతున్నాం! రెప్ప మూతపడటానికి సెకనులో పదో వంతు పడుతుంది. అంతలో సైకిలు 40 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. రెప్ప మూసేలోపే పురుగు లోపలికి చేరేది ఇందువల్లే. తొమ్మిదో తరగతిలో చదివిన గతిజశక్తి సూత్రం గుర్తు తెచ్చుకోండి. వేగం సగానికి తగ్గితే దెబ్బ నాలుగో వంతుకు తగ్గుతుంది. పురుగులు ఎక్కువగా ఉన్నచోట నెమ్మదిగా పొమ్మని పెద్దలు చెప్పేదానికి ఇదీ లెక్క.

మన తిరువూరు ప్రాంతంలో ఏ నెలలో ఏ పురుగు ఎదురవుతుందో కాస్త తెలుసుకోవాలి. విస్సన్నపేట వైపు పోయినా, గంపలగూడెం వైపు పోయినా మామిడి తోటలే. పూత మీద ఉన్నప్పుడు ఆ తోటల పక్కన పోతే తేనెమంచు పురుగులు చిటపటమంటూ లేచి ముఖాన పడతాయి. పూత వాసనకు ఈగలూ ముసురుతాయి. వాటిని తిట్టకండి. మామిడి పూతకు పరాగసంపర్కం చేసి కాయ నిలబెట్టేవాటిలో ఈగలదే పెద్ద చెయ్యి. తోటలో మందు కొడుతుంటే మాత్రం గాలి వాలున ఆ దారిన పోకుండా కాసేపు ఆగడమే మంచిది. తొలకరి వానలు పడిన సాయంత్రాలు ఉసిళ్ళవి. చెదపుట్టల్లోంచి వేలకు వేలు లేస్తాయి. రెక్కలు పెద్దవి కాబట్టి కంటికంటే నోటికీ ముక్కుకీ ఎక్కువ ఇబ్బంది. ఇక వరి పొట్టకు వచ్చి, కోతకు వచ్చే రోజుల్లో దీపపు పురుగులు, సుడిదోమలు, వాటిని తినడానికి వచ్చే పురుగులు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద నుసుములు ఏడాది పొడుగునా ఉంటాయి.

ఈ నుసుములు సాయంత్రం పూట గుంపుగా ఒకేచోట పైకీ కిందికీ ఆడుతూ కనిపిస్తాయి. వాటిలో చాలావరకు మగవి. ఆడపురుగు కోసం ఎదురుచూస్తూ ఒక గుర్తు మీద గుంపు కడతాయి. ఆ గుర్తు పొద కావచ్చు, రాతిస్తంభం కావచ్చు, నిలబడి ఉన్న మనిషి తల కూడా కావచ్చు! అందుకే దోస్తుతో మాట్లాడుతూ కట్ట మీద ఆగితే నెత్తిన గొడుగులా చేరతాయి. దూరం నుంచి పడమటి వెలుతురులో ఈ గుంపులు పొగలా కనిపిస్తాయి. కనిపించిన వెంటనే వేగం తగ్గించి, తల వంచి, నోరు మూసి, ముక్కుతోనే గాలి పీలుస్తూ దాటిపోవాలి. టోపీ ఉంటే దాని అంచు కిందికి లాగితే సగం పురుగులు దానికే తగులుతాయి. పవర్ లేని తెల్ల కళ్ళద్దాలు ఉంటే అంతకంటె మేలు. నల్లద్దాలు సాయంత్రం పనికిరావు, గుంత కనిపించదు.

రాత్రిపూట సంగతి వేరు. పురుగులు దీపానికి ఎందుకు వస్తాయో 2024లో ఒక పరిశోధన కొత్త సంగతి బయటపెట్టింది. వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో చూస్తే, పురుగులు దీపం వైపు సూటిగా రావడం లేదు. వెలుతురు ఎటుంటే అటు వీపు తిప్పుకుని ఎగురుతున్నాయి. లక్షల ఏళ్ళుగా రాత్రిపూట వెలుతురంటే ఆకాశమే కాబట్టి, వీపు ఆకాశానికి పెట్టుకుంటే నిటారుగా ఎగరవచ్చు. పక్కన బల్బు వెలిగితే ఆ లెక్క తప్పి, దాని చుట్టూ తిరుగుతూ అక్కడే చిక్కుకుపోతాయి. దీనివల్ల మనకు తెలిసేది ఏమిటంటే, తలకు కట్టుకునే లైటు పెట్టుకుంటే పురుగుల్ని ముఖం మీదికి పిలిచినట్టే. డైనమో లైటయినా, టార్చి అయినా హ్యాండిల్ కంటే కిందికి ఉండాలి. వీధిదీపం సరిగ్గా కింద ఆగి మాట్లాడుకోవద్దు.

ఇన్ని చేసినా ఒక్కోసారి పడుతుంది. పడ్డప్పుడు మొదటి పది సెకన్లు చాలా ముఖ్యం. ఒక కంట్లో పడినా రెండు కళ్ళూ కలిసి మూసుకుంటాయి. అది శరీర ధర్మం. రెండు సెకన్లు కళ్ళు మూస్తే ఎనిమిది మీటర్లు గుడ్డిగా పోయినట్టు. మన ఊరి మధ్య నుంచి పోయే విజయవాడ - భద్రాచలం రోడ్డు ఒకప్పుడు 221వ నంబరు, ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి. దాని మీద తిరిగే లారీలకు ఎనిమిది మీటర్లు లెక్కలోవి కావు. కాబట్టి చెయ్యి హ్యాండిల్ మీంచి తీయవద్దు. కంటికి చెయ్యి వెళ్ళిందంటే హ్యాండిల్ పక్కకు తిరుగుతుంది. తొక్కడం ఆపి, బాగున్న కన్ను పట్టుబట్టి తెరిచి, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, వెనక బ్రేకు మెల్లగా వేస్తూ ఎడమ పక్కకు రావాలి. తారు అంచు దిగేచోట మట్టి పల్లంగా ఉంటుంది, అక్కడ పడిపోయేవాళ్ళు ఎక్కువ. కాలు నేలకు ఆనిన తర్వాతే కన్ను సంగతి. డబుల్స్ పోతుంటే వెనక కూర్చున్నవారికి పురుగు తగలదు, ముందున్నవారే అడ్డు. కాబట్టి వెనక లారీ వస్తోందో లేదో చూసి చెప్పే పని వారిదే.

ఆగిన తర్వాత మొదట వచ్చే బుద్ధి నలపడం. అదే చేయకూడనిది. కంటి నల్లగుడ్డు మీద గాజుపలకలాంటి పొర ఉంటుంది, పేరు కార్నియా. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. పురుగు కాళ్ళకు ముళ్ళు ఉంటాయి. నలిపితే ఆ ముళ్ళు గాజు మీద ఇసుక రుద్దినట్టు గీతలు పెడతాయి. నలపకుండా రెప్పలు టపటపా కొట్టండి. కన్నీళ్ళే సగం పురుగుల్ని బయటికి తోస్తాయి. పోకపోతే చేతులు కడుక్కుని, పై రెప్ప వెంట్రుకలు పట్టుకుని కింది రెప్ప మీదికి లాగి వదలండి. అప్పటికీ పోకపోతే తాగే మంచినీళ్ళు కంట్లో ధారగా పోస్తూ రెప్పలు కొట్టాలి. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు వద్దు. చీర కొంగు, రుమాలు కొస, నాలుక, అగ్గిపుల్ల ఏదీ కంట్లో పెట్టనివ్వద్దు. పురుగు నల్లగుడ్డు మీద అంటుకుని ఉంటే దాన్ని తీయవలసింది డాక్టరే.

ఇప్పుడు అసలు విషయం. పురుగు పోయినా కొన్నిసార్లు ఇంకా ఏదో ఉన్నట్టే గరగరలాడుతుంది. నీళ్ళు కారతాయి, వెలుతురు చూడలేరు. అంటే గాజు మీద గీత పడిందని అర్థం. ఆ గీత మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానుతుంది. కాని ఆ లోపల సూక్ష్మక్రిములో, బూజో అందులో చేరితే పుండు అవుతుంది. పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది. మనం పువ్వు అనేది దాన్నే. నేపాల్‌లోని భక్తపూర్‌లో సుమారు 35 వేల మందిని రెండేళ్ళపాటు గమనించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. కంటి మీద గీత పడి, పుండు కాకముందే వచ్చిన 442 మందికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు కాలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి అయింది. 24 గంటలు దాటి 48 గంటల లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి అయింది. అదే మందు, అదే ఊరు. తేడా అంతా ఎప్పుడు వచ్చారన్న దగ్గరే.

ఈ అంకెలు మన హాస్టల్‌కు ఎందుకు చెబుతున్నానంటే, ఆదివారం సాయంత్రం వస్తూ కంట్లో పడినదాన్ని చాలామంది "రేపటికి పోతుందిలే" అని వార్డెన్ గారికి చెప్పరు. పరీక్షలుంటే అసలే చెప్పరు. సోమవారం రాత్రికి 24 గంటలు దాటిపోతాయి. గరగర ఒక గంటలో తగ్గకపోతే ఆ రాత్రే చెప్పండి, పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఆముదం, చనుబాలు, ఆకు పసరు వేయించుకోవద్దు. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవడం ఇంకా ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి తగ్గినట్టే ఉండి, బూజు పుండు లోలోపల ముదురుతుంది. నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టరు చూడాలి. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

వరి చేల పక్కన ఇంకో పురుగు ఉంది. చీమకంటె కాస్త పొడుగు, సన్నగా, నలుపు - నారింజ పట్టీలతో ఉంటుంది. శాస్త్రీయనామం పెడరస్. సుడిదోమల్ని తింటుంది కాబట్టి రైతుకు మిత్రుడే. అది కుట్టదు, కరవదు. దాని ఒంట్లోని ద్రవంలో విషం ఉంటుంది. మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపితే మరునాటికి కాలినట్టు పొక్కుతుంది. ఆ చేత్తోనే కన్ను ముట్టుకుంటే రెప్పలు వాచిపోతాయి. హాస్టల్లో ట్యూబులైటు కింద చదువుకునేవాళ్ళకు తెల్లారేసరికి మెడ మీద చారలు రావడానికి చాలాసార్లు ఇదే కారణం. వాలితే నలపకుండా ఊది పంపించండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి.

తేనెటీగల విషయంలో మాత్రం ఆగవద్దు. పెద్ద పట్టు కదిలి గుంపు లేస్తే చేతులు ఆడించకుండా, ముఖం కప్పుకుని వీలైనంత దూరం పోవాలి. ఒక ఈగ కుట్టినచోట వచ్చే వాసన మిగతావాటిని పిలుస్తుంది. ముల్లు దిగితే గోటితోనో, దేనితోనో క్షణం ఆలస్యం లేకుండా గీకి తీసేయాలి. విషపు తిత్తి దానితోపాటే ఉండి ఇంకా లోపలికి పంపుతూ ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, చాలా ఈగలు కుట్టినా 108కి ఫోన్ చేయండి.

నోట్లోకి పోయిన నుసుమును మింగేసినా ఏమీ కాదు. చెవిలో దూరితే పిన్నీసు, పుల్ల పెట్టి తీయవద్దు, ఇంకా లోపలికి పోతుంది. చెవి కారే జబ్బు, కర్ణభేరికి చిల్లు లేనివాళ్ళయితే రెండు చుక్కలు గోరువెచ్చని కొబ్బరినూనె వేసి, పురుగు కదలడం ఆగాక తల ఆ పక్కకు వంచాలి. రాకపోతే తీసే పరికరం ఆసుపత్రిలో ఉంటుంది.