అంతర్జాలమున చీనా వాఙ్మయము

చీనా దేశపు అంతర్జాలమును గూర్చి మన పత్రికలు వ్రాయునపుడెల్ల ప్రభుత్వము నిలిపిన అడ్డుగోడల ప్రసక్తియో, మహావాణిజ్య సంస్థల ఐశ్వర్య ప్రశంసయో ప్రధానమగుచుండును. ఆ రెండును సత్యములే యైనను, వాని చాటున సామాన్యజనులు ముప్పది యేండ్లకు పైగా సృష్టించుచు వచ్చిన వాఙ్మయము మరుగుపడుట మిక్కిలి అన్యాయమని నా తలంపు.

1987 సెప్టెంబరులో బీజింగు నుండి జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమునకు వెడలిన మొదటి ఈమెయిలు చీనా భాషలో లేదు. జర్మను, ఇంగ్లీషు భాషలలో నుండెను. ఇరువదియారు అక్షరముల భాషకై నిర్మింపబడిన కీబోర్డు మీద వేలకొలది లిపిచిహ్నములు గల భాషను వ్రాయుట యెట్లన్న ప్రశ్న అప్పటికే పండితులను వేధించుచుండెను. 1980లో చీనా ప్రభుత్వము 6,763 చిహ్నములకు సంకేతములు నిర్ణయించెను. 1983లో వాంగ్ యోంగ్‌మిన్ అను నాతడు ప్రతి చిహ్నమును దాని అవయవములుగా విడదీసి, నాలుగు మీటలకు మించకుండ వ్రాయదగిన ‘వూబీ’ పద్ధతిని కల్పించెను. తైవాను వారు తమ ప్రాచీన లిపిరూపములకు ‘బిగ్ ఫైవ్’ అను వేరొక సంకేతమును ఏర్పరచుకొనుటచే, ఒకే భాషలో వ్రాసిన లేఖ తైవాను జలసంధికి ఆవలి యొడ్డున అర్థము లేని గీతలుగా కానవచ్చెడిది.

ఇంతకంటె విచిత్రమైన విషయ మొకటి కలదు. అంతర్జాలమున చీనా దేశముకంటె ముందుగా చీనా భాష అడుగిడినది. ఉత్తర అమెరికాలో చదువుకొనుచున్న చీనా విద్యార్థులు ‘హువాషియా వెన్‌జై’ అను వారపత్రికను 1991 ఏప్రిల్ 5న ఈమెయిలు ద్వారా పంచిపెట్టనారంభించిరి. స్వదేశమునకు సంపూర్ణమైన అంతర్జాల సంబంధము 1994 ఏప్రిల్ 20న గాని లభింపలేదు, అదియును 64 కిలోబిట్ల సన్నని తీగ మీదనే. పరదేశమున మాతృభాషకై తపించిన యువకులు వేసిన పునాది యగుటచేతనే కాబోలు, ఆ జాలమునకు ఆదినుండియు సాహిత్యాభిరుచి అలవడినది.

1998లో తైవానులోని చెంగ్ కుంగ్ విశ్వవిద్యాలయమున జలవనరుల యింజనీరింగులో పరిశోధన చేయుచున్న త్సాయ్ చిహ్‌హెంగ్, అంతర్జాలమున పరిచయమైన యువతీయువకుల విషాదప్రణయమును విశ్వవిద్యాలయ చర్చావేదికపై రెండు నెలలకు పైగా విడతలుగా వ్రాసెను. అది పుస్తకమై జలసంధికి ఇరువైపుల పాఠకులను కంటతడి పెట్టించెను. హైనాన్ ద్వీపమున 1999లో వెలసిన ‘టియన్యా’ వేదికలో, 2006లో ఒక కస్టమ్స్ ఉద్యోగి మింగ్ రాజవంశ చరిత్రను వాడుక భాషలో, కథ చెప్పినట్లు, మారుపేరుతో వ్రాయ మొదలిడెను. సామాన్యులు చరిత్రకై యెదురుచూచునట్లు చేసిన యా గ్రంథము ఏడు సంపుటములుగా అచ్చుపడి అసంఖ్యాకముగా అమ్ముడుపోయెను. ఆచార్యపీఠముల అనుమతి లేకయే ఒక గుమాస్తా చరిత్రకారుడగుట నా దృష్టిలో ఈ జాలమొసగిన మహత్తర ఫలము.

2003లో ‘చీడియన్’ సంస్థ నవలలను ప్రకరణమునకింత చొప్పున విక్రయింప నారంభించుటతో రచన జీవనోపాధి యయ్యెను. వేయి చిహ్నములకు కొన్ని పైసల వంటి స్వల్పమూల్యము చెల్లించు పాఠకులు మరుసటి ప్రకరణమునకు తొందరపెట్టుచు, కథాగతిని విమర్శించుచు, రచయితకు నిత్యసహచరులైరి. పొడవును బట్టి ప్రతిఫలము ముట్టుటచే సాగదీత పెరిగినదను నింద యథార్థమే. అట్లని ఆ రచయితలందరిని తృణీకరించుట తగదు.

ఇక గోడల విషయము. వూహాన్ నగరపు నేత్రవైద్యుడు లీ వెన్‌లియాంగ్, కొత్త వ్యాధిని గూర్చి తోటివైద్యులను హెచ్చరించినందుకు పోలీసుల మందలింపు పొంది, 2020 ఫిబ్రవరి 7న ఆ వ్యాధికే బలియయ్యెను. ‘వైబో’ అను సామాజిక మాధ్యమమున ఆయన వ్రాసిన కడపటి మాటల క్రింద లక్షలాది ప్రజలు తమ పరీక్షలను, దిగుళ్లను, ఆనాటి వాతావరణమును ఆత్మీయునకు నివేదించుకొన్నట్లు వ్రాసికొనిరి. నిర్బంధమున్నచోట గూడ మనుష్యుడు మనుష్యునితో మాటలాడక మానడనుటకు ఇంతకుమించిన నిదర్శన మేల?

నన్ను కలతపెట్టునది గోడకంటె విస్మృతి. మింగ్ చరిత్రకు జన్మస్థానమైన టియన్యా, ఆర్థికముగా చితికిపోయి 2023లో మూతపడెను. దాని పాతకాపులు కొందరు ప్రత్యక్ష ప్రసారములలో వస్తువులు విక్రయించి ధనము సమకూర్చి తిరిగి తెరువ యత్నించిరి గాని, తలపెట్టిన మొత్తము చేకూరలేదు. కస్టమ్స్ ఉద్యోగి గ్రంథము అచ్చులో నుండుటచే బ్రతికినది. అచ్చెరుగని వేలాది రచనలకు ఆ భాగ్యము లేకపోయెను.