దవడ పట్టివేత - హనుగ్రహము

పెద్దపండుగ దినములలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు ఇండ్లలో దవడకు తీరిక ఉండదు. చెరకు గడను పంటితో చీల్చుట, తాటి తేగలు నములుట, పచ్చి కొబ్బరి కొరుకుట, ఆపైన గట్టి జంతికలు. పండుగ వెళ్లిన పిదప ఒక ఉదయమున ఆవులింత రాగా చెవి ముందు కలుక్కుమని, నోరు సగము తెరచుకొని ఆగిపోవును. చెవిపోటని కొందరు చెవిలో నూనె పోయుదురు. పంటిపోటని కొందరు లవంగ తైలము పెట్టుదురు. బాధ ఆ రెండు చోట్లా లేదు.

చెవికి ముందు వ్రేలు ఆనించి నోరు తెరచి మూసినచో కదలునదే దవడ కీలు. క్రింది దవడ ఒకే ఎముక. దాని రెండు కొసల కీళ్లు ఒక్కసారే కదలవలెను. కీలు నడుమనున్న పలుచని బిళ్ల చోటు తప్పి మరల చేరునపుడు టక్కుమని శబ్దము వచ్చును. నొప్పి లేనిచో ఆ శబ్దమునకు చికిత్స అక్కరలేదు. చెంపలలోను కణతలలోను ఉన్న నమలు కండరములు బిగిసినపుడు మాత్రము పోటు తలకు, మెడకు ప్రాకును. నిద్రలో పండ్లు కొరుకువారికి, మనోవ్యాకులత గలవారికి ఇది గట్టి పదార్థములు తినకున్నను వచ్చును.

నాలుకను అతిగా గీయుట, ఎండు పదార్థములు భక్షించుట, దెబ్బ తగులుట హనుగ్రహమునకు కారణములని మాధవ నిదానము చెప్పినది. వాతము దవడ మొదట ప్రకోపించి నోటిని తెరచియో, మూసియో నిలిపివేయును. తెరచిన నోరు మూతపడనిచో దవడకు స్వేదనము చేసి, బొటనవ్రేళ్లతో నొక్కి, చూపుడువ్రేళ్లతో గడ్డమును పైకెత్తవలెనని చరక సంహిత చికిత్సాస్థానమున ఉన్నది. నేటి వైద్యులు జారిన దవడను చోటికి చేర్చు విధము దాదాపు ఇదియే. అయినను ఇంటిలో దీనిని ప్రయత్నింపరాదు. దవడ చోటికి చేరునపుడు పండ్ల నడుమ వ్రేళ్లు నలుగును.

ఇంటి వైద్యములో మొదటి మందు విశ్రాంతి. రెండు వారములు చోడి అంబలి, పెసరకట్టు, మెత్తగా వండిన అన్నము తీసికొనవలెను. పెదవులు కలిసియున్నను పండ్లు తాకరాదు. ఆవులింత వచ్చినపుడు గడ్డము క్రింద పిడికిలి ఆనించవలెను. గోరువెచ్చని నువ్వులనూనెను గాని, మినుములు ముఖ్యద్రవ్యమైన మహామాష తైలమును గాని చెంపపై మృదువుగా రాచి, వేయించిన కల్లుప్పు మూటతో 10 నుండి 15 నిమిషములు కాపడము పెట్టవలెను. మూట వేడిని ముందుగా చేతి వెనుక చూచుకొనవలెను. (మాంసము చేరిన మహామాష తైలమును కలదు, శాకాహారులు నిరామిషమని చూచి కొనవలెను.) క్రొత్తగా దెబ్బ తగిలి వాచినచోట కాపడము పనికిరాదు.

నూనెతో కాలము వృథా చేయరాని దవడ బాధలు కొన్ని కలవు. ముల్లో మేకో గ్రుచ్చుకొన్న కొన్నాళ్లకు దవడ బిగిసినచో అది ధనుర్వాతము కావచ్చును. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. నడచునపుడు దవడ లాగి, ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టినచో అది గుండె బాధ కావచ్చును. అప్పుడును ఆలస్యము తగదు. వక్క, గుట్కా నమలువారికి కారము తగిలిన నోరు మండుచు, నెలల తరబడి నోరు చిన్నదగుచున్నచో బుగ్గల లోపొర గట్టిపడుచున్నదని అర్థము. అది కాన్సరునకు దారితీయగలదు. మన తీర గ్రామములలో చుట్ట నిప్పు కొసను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు అంగిటిపై తెల్లని మచ్చ గాని, మానని పుండు గాని కనబడినచో దంతవైద్యునికి చూపించుకొనవలెను.

మూడు వ్రేళ్లు నిలువుగా నోటిలో పట్టుట పెద్దలకు సామాన్య కొలత. రెండు వారముల విశ్రాంతి తరువాత కూడ రెండు వ్రేళ్లే పట్టుచున్నచో తైలమును ప్రక్కనుంచి వైద్యుని సంప్రదించవలెను.