రైలుపెట్టె గోడలో పొరల పలక

సికింద్రాబాదు నుండి వాడికి పోవు రైలుమార్గము 1874లో నైజాము రాజ్యమున ఏర్పడినది. వికారాబాదు, తాండూరు స్టేషన్లు ఈ మార్గముననే ఉన్నవి. తాండూరు పరిసరములలో నేల త్రవ్వినచో నాపరాయి పొరలు పొరలుగా లేచివచ్చును. ప్రాచీన కాలమున సముద్రపు అడుగున సున్నపు బురద పొరపై పొరగా పేరుకొని, గట్టిపడి ఈ రాయి అయినది. ఒక చదరపు మీటరు వైశాల్యము, ఒక సెంటీమీటరు మందము గల నాపబండ సుమారు 26 కిలోగ్రాములు తూగును. ఇంటి నేలకు ఈ బరువు దోషము కాదు. రైలుపెట్టె లోపలిగోడకు మాత్రము పనికిరాదు. గోడలో తగ్గిన ప్రతి కిలోగ్రాము, బండి కదలిన ప్రతిసారి ఇంజను లాగవలసిన బరువులోను, ఆగిన ప్రతిసారి బ్రేకులు ఆపవలసిన బరువులోను తగ్గినట్లే. అట్లని పలుచని రేకు వేసినచో ప్రయాణికుడు వీపు ఆనించగానే అది లోపలికి వంగును. పలక తేలికగా ఉండవలెను, వంగకుండను ఉండవలెను. ఈ రెండును కుదురుట ఎట్లు?

ఒక పలకను రెండు ఆధారములపై నుంచి నడుమ నొక్కినచో దాని పైతలము నొక్కుకొనును, అడుగుతలము సాగును. మధ్యభాగము అంతగా నొక్కుకొనదు, అంతగా సాగదు. అనగా వంపును ఎదిరించు పనిని ముఖ్యముగా రెండు తలములే చేయుచున్నవి. మధ్యనున్న పదార్థము బరువును పెంచుచున్నదేగాని దృఢత్వమునకు తోడ్పడుట స్వల్పము. కావున తలములకు మాత్రము గట్టి పదార్థము వాడి, మధ్యను తేలిక పదార్థముతో నింపవచ్చును. ఇట్టి దానిని శాండ్విచ్ పలక అందురు.

ఈ లాభమును లెక్కకట్టి చూడవచ్చును. 1 మి.మీ. మందము గల రెండు అల్యూమినియం రేకులను కలిపి అంటించినచో 2 మి.మీ. పలక అగును. దాని బరువు చదరపు మీటరుకు 5.4 కిలోగ్రాములు. పలక దృఢత్వము మందము యొక్క ఘనమును బట్టి ఉండును. 2 యొక్క ఘనము 8. ఇప్పుడు ఆ రేకులనే విడదీసి, నడుమ 8 మి.మీ. ఎత్తుగల తేనెపట్టు గదుల వంటి అల్లికను అతికింతము. మొత్తము మందము 10 మి.మీ. అగును. 10 యొక్క ఘనము 1000. అందుండి నడిమి భాగమునకై 8 యొక్క ఘనమగు 512 తీసివేయగా 488 మిగులును. 488ని 8చే భాగించిన 61 వచ్చును. ఘనపు మీటరుకు 50 కిలోగ్రాములు తూగు అల్లిక వాడినచో పెరిగిన బరువు 0.4 కిలోగ్రాము మాత్రమే. దృఢత్వమో 61 రెట్లు! నిజమైన పలకలో నడిమి పొర కొంత అటునిటు జరుగును గనుక లాభము ఇంతకన్న కొంత తగ్గును.

పొరలు జారకుండుటయే ఇందు కీలకము. పుస్తకమును వంచినచో సులభముగా వంగును. ఏలయన పుటలు ఒకదానిపై నొకటి జారును. అన్ని పుటలను జిగురుతో అంటించినచో అదియే పుస్తకము బల్లవలె బిగియును. తరగతిలో రెండు పోస్టుకార్డుల నడుమ ముడుతలు పెట్టిన కాగితమును అంటించి, రెండు పుస్తకముల మధ్య వంతెనగా నుంచి నాణెములు పేర్చవలెను. అంటించని కార్డులు ఎన్ని నాణెములకు క్రుంగునో పోల్చి చూచినచో విద్యార్థులకు విషయము స్పష్టమగును.

1940లో తొలిసారి ఎగిరిన మస్కిటో విమానము దేహమును బాల్సా అను తేలిక కొయ్యకు ఇరువైపుల ప్లైవుడ్ అంటించి నిర్మించిరి. నేడు రైలుపెట్టెల లోపలిగోడలకు, కప్పులకు గాజునారతో బలపరచిన ప్లాస్టిక్ పలకలు వాడుచున్నారు. కొన్ని మోటారుకార్ల తలుపుల లోపలి పలకలలో గాజునారకు బదులు మన గోగుజాతి నారయు, అవిసెనారయు చేరుచున్నవి.

అయితే తేలికదనము ఒక్కటే చాలదు. 2013 డిసెంబరు 28న అనంతపురము జిల్లా కొత్తచెరువు సమీపమున నాందేడు ఎక్స్‌ప్రెస్ పెట్టె ఒకటి అంటుకొని 26 మంది మరణించిరి. మూసియున్న పెట్టెలో మంటకన్న ముందుగా పొగయే ప్రాణము తీయగలదు. సాధారణ పాలియెస్టరు రెసిన్ దట్టమైన నల్లని పొగతో మండును. థర్మోకోల్ వంటి నురుగు కరగి, మండుచు చుక్కలుగా రాలును. ఫినాలిక్ రెసిన్ మాత్రము పైన బొగ్గుపొర కట్టి, మంట లోనికి పోకుండ కొంత అడ్డగించును, పొగయు తక్కువ. కాని అది పెళుసు. అందుచే దానికి నార బలము తప్పక కావలెను.

అందువలననే లక్నోలోని రైల్వే పరిశోధన, ప్రమాణముల సంస్థ పెట్టెలో వాడు పదార్థములకు బలముతోబాటు మంట, పొగ, విషవాయువుల విషయమునను పరిమితులు విధించినది. బరువు తగ్గించినచో విద్యుత్తు మిగులును. ఏ పొరను ఏ పదార్థముతో చేయవలెనో సరిగా ఎన్నుకొన్నచో, పెట్టె అంటుకొనిన వేళ ప్రయాణికులు తలుపు చేరుటకు కొన్ని నిమిషముల వ్యవధి దొరకును.