కొల్లేటి పడవలో మన చిన్నారులు

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా నిడదవోలు ఇళ్ళల్లో ఒకటే చర్చ. పిల్లలను నానీ ఇంటికి పంపాలా, రాజమండ్రి తీసుకువెళ్ళి గోదావరి గట్టున తిప్పాలా, లేక ఇంట్లోనే టీవీ ముందు, ఫోన్ ముందు వదిలేయాలా అని. ఒక్కరోజు తీరిక, కాస్త ఓపిక ఉన్న తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే. పిల్లలను కైకలూరు దగ్గర ఆటపాకకు తీసుకువెళ్ళండి. అక్కడ కొల్లేటి పక్షుల కేంద్రంలో పడవ ఎక్కించి గూడబాతులను చూపించండి. నిడదవోలులో రైలెక్కితే తణుకు, భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు చేరవచ్చు. స్టేషన్ నుంచి ఆటపాకకు ఆటోలో కొద్దిసేపే. పొద్దున్నే బయలుదేరితే రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.

అయితే పడవ అనే మాట వినగానే తల్లుల ముఖాలు మారిపోతాయి. ఆ భయాన్ని తీసిపారేయడానికి వీలులేదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన పర్యాటకుల పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. గోదావరి వరద మీద ఉంది. పడవలో డెబ్బై మందికి పైగా ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు ముప్పై మందికి లోపే. అడుగున చిక్కుకున్న పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న గానీ పైకి తీయలేకపోయింది. లైఫ్ జాకెట్లు వేసుకోనివారు ఆ పడవలో చాలామంది ఉన్నారు. ఆ వార్తలు చదివిన తల్లి తన బిడ్డను పడవ ఎక్కించడానికి వెనకాడితే అది పిరికితనం కాదు.

కాని వరద గోదావరి వేరు, ఆటపాక చెరువు వేరు. ఇది సుమారు 270 ఎకరాల నిలువ నీరు. సుడులు లేవు, ప్రవాహం లేదు, పడవ వెళ్ళేది కొద్ది దూరమే, నాలుగు వైపులా గట్టు కనిపిస్తూనే ఉంటుంది. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. నాలుగేళ్ళ పిల్లవాడికి నడుము లోతు నీళ్ళు కూడా చాలా ఎక్కువే. అందుచేత వెళ్ళకుండా ఉండటం కంటే ఎలా వెళ్ళాలో తెలుసుకుని వెళ్ళటం మేలని మా అభిప్రాయం.

హవాసిల్ అంటే ఎవరు?

అక్కడ పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది పెలికాన్. తెలుగులో గూడబాతు. పొలంలో గూడ వేసి నీళ్ళు తోడటం చూసిన పెద్దలకు ఆ పేరు చక్కగా అతికినట్టు తోస్తుంది. ఉర్దూలో దీనిని హవాసిల్ అంటారు. పక్షి గొంతు దగ్గర ఉండే మేతసంచిని అరబ్బీలో హౌసలా అంటారు, దాని బహువచనమే హవాసిల్. మనం రోజూ ధైర్యం అనే అర్థంలో వాడే హౌసలా కూడా ఆ మాటే. అంత పెద్ద సంచి ఉన్న పక్షికి ఆ పేరు పెట్టడంలో ఆశ్చర్యం లేదు. ఈ ముచ్చట మా మక్తబ్ పిల్లలకు చెబితే వాళ్ళు ఆ రోజంతా ఒకరినొకరు హవాసిల్ అనే పిలుచుకున్నారు.

కొల్లేటిలో గూళ్ళు పెట్టేది చుక్కల ముక్కు గూడబాతు. దాని పై ముక్కు అంచు వెంట వరుసగా చుక్కలుంటాయి. బరువు నాలుగు నుంచి ఆరు కిలోల దాకా ఉంటుంది. రెక్కలు చాపితే రెండు మీటర్లకు మించి పరచుకుంటాయి. అది నీటి మీది నుంచి పడవ పక్కగా లేచే దృశ్యం పెద్దవాళ్ళను కూడా నోరు మూయిస్తుంది. ఆ సంచిలో చేపలు దాచుకుంటుందని పిల్లలు అనుకుంటారు, కొందరు పెద్దలు కూడా అలాగే చెబుతారు. అది నిజం కాదు. సంచి వల వంటిది. నీటితో సహా చేపను పట్టి, ముక్కు కిందికి వంచి నీటిని ఒంపేసి, చేపను అప్పటికప్పుడే మింగేస్తుంది. గూటికి వచ్చాక పిల్లలు తల్లి నోట్లోకి, గొంతు దాకా తల దూర్చి మేత తీసుకుంటాయి. ఇది చూసి మా వెంట వచ్చిన ఒక చిన్నమ్మాయి పక్షి తన పిల్లను మింగేస్తోందని ఏడుపు లంకించుకుంది. తల బయటికి వచ్చేదాకా నమ్మలేదు.

గూడబాతుల పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు కాపురం ఉంటాయి. పసుపుపచ్చని పొడవైన ముక్కు, రెక్కల చివర గులాబీ రంగు ఈకలు. ఇవి చేపను కంటితో వెదకవు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో ఉంచి అటూ ఇటూ తిప్పుతాయి, చేప తగిలితే చటుక్కున మూస్తాయి. కళ్ళు మూసుకుని డబ్బాలో బలపం వెదికినట్టు అని పిల్లలకు చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. నీటికాకులు రెక్కలు విప్పి ఎండలో ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే పరజలు, మన ముర్గాబీలు, నీటి మీద గుంపులుగా తేలుతుంటాయి.

గతంలో మేము మక్తబ్ పిల్లలు పదకొండు మందిని, వాళ్ళ తల్లిదండ్రులలో కొందరిని వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు ఐదేళ్ళ కుర్రవాడొకడు అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. "ఉస్తాద్, పిట్టలకు ఇనుప ఇళ్ళు ఎవరు కట్టించారు?" నిజమే, అక్కడ చాలా గూళ్ళు చెట్ల మీద లేవు, నీటిలో పాతిన ఇనుప స్టాండ్ల మీద ఉన్నాయి. చెట్లు చాలక అటవీ శాఖవారు వాటిని ఏర్పాటు చేశారు. పక్షులు కాదనకుండా వాటి మీదే పుల్లలు పేర్చుకుని పిల్లల్ని పెంచుకుంటున్నాయి.

ఆ కుర్రవాడి ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. 1946లో కె.కె.నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు మన పశ్చిమ గోదావరిలోనే, ఆరేడు అనే ఊళ్ళో, గూడబాతుల పెద్ద కాలనీని కనుగొన్నారు. దాదాపు 3000 పక్షులు అక్కడ గూళ్ళు పెట్టేవి. ఆ కాలనీ తరువాతి కాలంలో లేకుండాపోయింది. కొల్లేటిని చేపల చెరువులు ఆక్రమించుకున్నాయి. ప్రభుత్వం 1999లో ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను పేల్చివేశారు. ఆ చెరువుల మీద బతికిన కుటుంబాల కష్టం ఒకవైపు, పక్షుల గూడు ఒకవైపు. ఆ తగాదా నేటికీ తీరలేదు. ఇదంతా ఐదేళ్ళవాడికి చెప్పలేము. "చెట్లు పోయాయి బేటా, అందుకని" అన్నాము. "మరి చెట్లు నాటొచ్చుగా" అన్నాడు.

మరొక విషయం కూడా పిల్లలకు చెప్పదగినది. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు అందులో కలుస్తాయి. మన పశ్చిమ డెల్టా పొలాలను తడిపిన కాలువల నీరు కూడా మురుగు కాలువల వెంట కొంత అక్కడికే చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. నిడదవోలు కాలువలో మనం విసిరే ప్లాస్టిక్ సంచి ఎటు ప్రయాణం చేయగలదో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

పడవ ఎక్కే ముందు

ఇక అసలు సంగతి. పిల్లలకు లైఫ్ జాకెట్ ఉండటం ఒకటి, సరిపోయే జాకెట్ ఉండటం మరొకటి. పెద్దల జాకెట్ చిన్నపిల్లకు తగిలిస్తే నీళ్ళలో అది పైకి తేలి, పిల్ల కిందికి జారిపోతుంది. పరీక్ష చాలా సులువు. జాకెట్ తొడిగి, బకిళ్ళన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది ఆ పిల్లకు పనికిరాదు. చిన్నవాళ్ళకు కాళ్ళ మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్నది దొరికితే మరీ మంచిది. ఒడిలోని బిడ్డను కలిపి తన జాకెట్ లోపల కట్టుకునే తల్లులను మేము చూశాము. అది ఇద్దరికీ ప్రమాదమే. బురఖా ధరించిన మహిళలు జాకెట్‌ను పై నుంచే వేసుకోవాలి, లోపల కాదు. పొడవాటి దుపట్టా కొసలు చెక్కు లోపలికి దోపుకుంటే పడవ దిగేటప్పుడు కాళ్ళకు అడ్డం పడవు.

వేరొక చోట, ఆ ఊరి పేరు అనవసరం, పడవవాళ్ళ దగ్గర పిల్లల సైజు జాకెట్లు ఒక్కటీ లేవు. "అరగంటకు ఏమవుతుంది సాబ్" అన్నారు. మా బృందంలోని ఒక పెద్దాయన కూడా "అల్లాహ్ చూసుకుంటాడు, ఎక్కండి" అన్నారు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత భారం అల్లాహ్ మీద వేయమన్న బోధ వారికి తెలియనిది కాదు. మేము ఎక్కలేదు. పిల్లలు ఏడ్చారు, పెద్దాయన రెండు రోజులు మాతో మాట్లాడలేదు. గట్టు మీద బిర్యానీ తిని తిరిగి వచ్చేశాము.

పడవలో పిల్లలను మధ్యలో, కింద కూర్చోబెట్టాలి. అంచుల మీద కాదు. ఆరేళ్ళ లోపు పిల్లకు ఒకరు చొప్పున పెద్దవారు ఉండాలి, ఆ పెద్దవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం ఏదంటే, ఎవరో "అదిగో" అని అరిచినప్పుడు అందరూ ఒక్కసారిగా ఒకే వైపు లేచి ఒరగడం. ఇది పిల్లలకంటే పెద్దలకే ముందుగా చెప్పి ఉంచాలి. రెండేళ్ళ లోపు పసివాళ్ళను ఎక్కించవద్దనే మేము అంటాము. గట్టు మీద నుంచి కూడా పక్షులు బాగానే కనిపిస్తాయి, అక్కడి పర్యావరణ విద్యా కేంద్రంలో బొమ్మలు చూపించవచ్చు. నానీ దగ్గర ఒక్క గంట ఉంచితే పోయేదేమీ లేదు.

పడవ నడిపేవారిని గూళ్ళకు మరీ దగ్గరగా తీసుకువెళ్ళమని బలవంతం చేయకండి. ఫొటో కోసం పది రూపాయలు ఎక్కువ ఇస్తామనడం మన జనానికి అలవాటు. తల్లి పక్షి బెదిరి ఎగిరిందంటే ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి. చప్పట్లు, ఈలలు వద్దని ముందే పందెం వేయండి. ఎవరు ఎక్కువసేపు మాట్లాడకుండా ఉంటే వారికి జిలేబీ. మా పిల్లలలో ఒకడు ఏడు నిమిషాలు ఉన్నాడు, ఇంట్లో ఆ రికార్డు ఇంకా ఎవరూ బద్దలు కొట్టలేదట.

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. మడ అడవులు, నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్న చోటు అది, చెక్క వంతెన మీద నడక కూడా బాగుంటుంది. కాని నీటికుక్క కనిపించడం అదృష్టం మీద ఆధారపడిన విషయం, చిన్నపిల్లలకు అంత ఎదురుచూసే ఓపిక ఉండదు. ఎనిమిదేళ్ళు దాటినవారికి అది, అంతకంటే చిన్నవారికి ఆటపాక అని మా సలహా.

చలికాలం మొదలైనప్పటి నుంచి మార్చి దాకా అనుకూలమైన కాలం. జనవరి, ఫిబ్రవరిలో గూళ్ళలో పిల్లలు ఉంటాయి కనుక సందడి ఎక్కువ. ఉదయం పడవ ఎక్కి దిగితే జుహర్ నమాజుకు, భోజనానికి తీరిక దొరుకుతుంది. ఎండలో మధ్యాహ్నం పడవ ఎక్కించి పిల్లలను వడిలిపోనివ్వకండి. టోపీ, నీళ్ళ సీసా, ఒక జత పొడి బట్టలు తప్పనిసరి. నీరు తక్కువైనా, గాలి ఎక్కువైనా పడవ ఆపివేస్తారు గనుక, బయలుదేరే ముందు రోజు అటవీ శాఖవారిని అడిగి తెలుసుకుని, పిల్లల జాకెట్లు ఎన్ని ఉన్నాయో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.